మన ఊరికి గుర్తు ఏది?

గత నవంబరు 1వ తేదీన మన పాఠశాల ఆవరణములో కర్ణాటక రాజ్యోత్సవము జరిగినది. జాతీయ పతాకమునకు వందనమైన పిమ్మట పిల్లలు పసుపు, ఎఱుపు రంగుల చిన్న జెండాలను చేతబట్టి వరుసలుగా నడచిరి. అంతయు ముగిసి మిఠాయి పంచుచుండగా ఆరవ తరగతి బాలిక యొకతె మా యొద్దకు వచ్చి, "సార్, ఈ జెండా మనదా, వాళ్లదా?" అని అడిగెను. ప్రక్కనున్న పెద్దలు కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. "మనదేనమ్మా" అంటిమి గాని, ఆ పిల్ల ముఖము చూడగా మా మాటలో బలము చాలలేదని తెలిసినది.

మఱి రెండు వారములకు తల్లిదండ్రుల సమావేశము జరిగెను. పిల్లల చొక్కా జేబులమీద కుట్టుటకు క్రొత్త బ్యాడ్జి యొకటి కావలెనని నిర్ణయించుటకే ఆ సమావేశము. అది అరగంటలో తేలవలసిన పని. ఒక పక్షమువారు పూర్ణఘటము ఉండవలెననిరి. తెలుగు బడికి తెలుగు గుర్తు ఉండవలదా యని వారి వాదము. ఇంకొక పక్షమువారు గండభేరుండము ఉండవలెననిరి. ఏ గాలి పీల్చుచున్నామో ఆ దేశపు గుర్తు ధరించుట క్షేమమని వారి వాదము. క్షేమమను మాట విని మొదటి పక్షమువారికి కోపము వచ్చినది. చీకటి పడువఱకు వాదించి, ఏమియు తేల్చక అందఱును ఇండ్లకు పోయిరి. ఆ రెండు పక్షములలోను మాకు మిత్రులున్నారు. అయినను రెండును సరికావని మా అభిప్రాయము. ఎందుకో విన్నవింతుము.

పూర్ణఘటము రమ్యమైన రూపమనుటలో సందేహము లేదు. అమరావతి శిల్పులు చలువరాతిపై మలచిన ఆ నిండు కుండ, అందుండి వెడలు తామరలు ఎవరి కన్నులకైనను పండుగయే. కాని అది నేడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వ చిహ్నము. 2018లో దానిని అమరావతి శిల్పరీతిలో తిరిగి తీర్చిదిద్దిరి. తెలంగాణ ప్రభుత్వ చిహ్నమున కాకతీయ తోరణమును చార్మినారును చేరినవి. 2024లో ఆ చిహ్నమును మార్చవలెనను ప్రతిపాదన రాగా ఎంత వాదోపవాదము జరిగెనో వార్తాపత్రికలు చదివినవారెఱుగుదురు. తెలుగువారి రెండు రాష్ట్రములకే ఒక్క గుర్తు కుదరనప్పుడు సర్జాపురపు పిల్ల తన జేబుమీద ఏ తెలుగును కుట్టుకొనవలెను? మనలో అనంతపురము, చిత్తూరు ప్రాంతములనుండి వచ్చినవారున్నారు. ఎక్కడినుండియు రాక, తాతముత్తాతల నాటినుండి ఈ ఆనేకల్ తాలూకాలోనే సేద్యము చేసికొనుచు ఇంట తెలుగు, సంతలో కన్నడము మాటలాడువారు అనేకులున్నారు. అట్టి వారి పిల్లకు వేఱొక రాష్ట్రపు ముద్ర తొడిగినచో, ఆ పిల్ల ఎన్నడును చూడని ఊరికి ఆమెను అతిథిని చేసినట్లగును.

గండభేరుండము మాట వేఱు. రెండు తలల ఆ పక్షిని మన పిల్లలు రాష్ట్ర రవాణా సంస్థ బస్సులమీద దినదినము చూచుచున్నారు. ఒకప్పుడది మైసూరు ఒడెయరుల చిహ్నము. నేడు కర్ణాటక ప్రభుత్వ చిహ్నమున నడుమ నిలిచి, ఇరుప్రక్కల సింహగజ రూపములు కాపుకాయగా, పైని అశోకుని సింహములను ధరించినది. అశోకుని సింహములను ఎవరు పడిన వారు వాడరాదని 2005లో పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేసినది. కావున ప్రభుత్వ చిహ్నమును నకలుచేసి బడి బ్యాడ్జిగా కుట్టుట మొదలే పొసగదు. అదియునుగాక, భయముచేత ధరించిన గుర్తు గుర్తు కాదు, తాయెత్తు. మేము గండభేరుండమును వలదనుట దానిపై ప్రీతి లేక కాదు.

ఆ ప్రీతికి గల కారణము చరిత్రలోనున్నది. దీనిని ఉభయ పక్షములవారును కొంచెము ఓపికతో వినవలెనని కోరుచున్నాము. శివమొగ్గ జిల్లాలోని బళ్ళిగావెలో 1047లో ఎత్తిన రాతికంబముమీద గండభేరుండము నేటికిని నిలిచియున్నది. దాదాపు అయిదు వందల ఏండ్లకు అదే పక్షి విజయనగరపు అచ్యుతదేవరాయల నాణెములపైకి వచ్చి వ్రాలినది. ఆ నాణెములు కన్నడ దేశమునను తెలుగు దేశమునను చెల్లినవి. వాటిని పుచ్చుకొన్న కోమటి, తలలు రెండైనను బరువు సరిగా నున్నదా యనియే చూచెను గాని, పక్షిది ఏ భాష యని అడిగియుండడు.

వరాహము కథ ఇంకను చిత్రమైనది. బాదామి చాళుక్యుల లాంఛనము వరాహము. బాదామి యనగా నేటి బాగల్‌కోటె జిల్లా, అచ్చమైన కన్నడ దేశము. రెండవ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624 ప్రాంతమున వేంగికి ఏలిక కాగా, ఆ వరాహమును గోదావరీ తీరమునకు నడచినది. వేంగి చాళుక్యుల తామ్రశాసన ముద్రలపై దానిని చూడవచ్చును. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు ముద్రించిన బంగారు నాణెముల నడుమ నున్నదియు ఆ వరాహమే. ఈ రాజరాజనరేంద్రుడెవరు? నన్నయ భట్టారకునిచేత భారతమును తెనిగింపజేసిన వాడు. మన తొలి కావ్యము వెలసిన సభలో చెల్లిన నాణెముపై గుర్తు కన్నడ దేశమునుండి వచ్చినది! కాకతీయులును వరాహమునే ధరించిరి. విజయనగరమువారు సూర్యచంద్రులతో, ఖడ్గముతో కూర్చి దానినే పెట్టుకొనిరి. కడకు "వరహా" అనునది బంగారు నాణెమునకే పేరై నిలిచినది. వేయేండ్లు ఒక జంతువు రెండు భాషల నడుమ ఇట్లు తిరుగుచుండగా, అది మీదా మాదా యని దావా వేసిన వారున్నట్లు మేము చదువలేదు.

ఇక ఆ బాలిక అడిగిన పసుపు ఎఱుపు జెండా. దీనిని గూర్చి నిజము చెప్పుటయే మేలు. అది 1965లో మ. రామమూర్తిగారు రూపొందించిన పతాకము, కన్నడ భాషోద్యమములో పుట్టినది. బెంగుళూరిలో కన్నడమునకు తగిన స్థానము లేదను ఆవేదన ఆనాటి కన్నడ అభిమానులకుండెను. దాని నుండియే అది వెలసినది. ఆ ఆవేదన అర్థము కానిదని మనమనరాదు. మదరాసు రాష్ట్రమున మన పెద్దలు పడిన ఆవేదన అట్టిదే గదా. 2018లో పసుపు, తెలుపు, ఎఱుపు చారలతో, నడుమ చిహ్నముతో మఱియొక రూపమును రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించి కేంద్రమునకు పంపినది గాని నాడు దానికి చట్టబద్ధత కలుగలేదు. ప్రజలచేతులలో ఎగురుచున్నది 1965 నాటి ఆ రెండు రంగుల జెండాయే. ఆ రంగులు అరిశిన కుంకుమలని కన్నడిగులందురు. మనము పసుపు కుంకుమలందుము. వాని అర్థము తెలియుటకు మన యింటి ఆడువారు ఏ నిఘంటువును వెదకనక్కఱలేదు.

ఆ జెండాను మన పిల్లలు పట్టుట ముమ్మాటికి సరియే. 1956 నవంబరు 1న విశాల మైసూరు రాష్ట్రమును ఆంధ్రప్రదేశమును ఒకేదినమున ఏర్పడినవి. కావున ఆ తేదీ మనకు రెండు విధముల పుట్టినదినము. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునికి పతాక నమూనాను సమర్పించిరి. కాలక్రమమున మార్పులు పొంది దేశమునకు పతాకము వచ్చినది. దానిని తెలుగు జెండా యని ఎవరైన దూరముంచిరా? పుట్టుక ఒకచోట, చెల్లుబాటు అన్నిచోట్ల. ఇంతవఱకు ధైర్యముగా చెప్పగలము. కాని భాష పేర పుట్టిన జెండాను చూచినప్పుడెల్ల "ఎవరిది?" అను ప్రశ్న చిన్నపిల్లల నోట కూడ వచ్చుచునే యుండును. ఆ ప్రశ్నకు తావియ్యని గుర్తు ఊరి గుర్తు. అది మనకు లేదు. పంచాయితీ కాగితముమీద గుండ్రని రబ్బరు స్టాంపు ఊదారంగు సిరాతో పడును. అందులో ఊరి పేరుండును గాని ఊరు కనబడదు.

ఊరికొక గుర్తు ఉండుట ఎట్లుండునో తెలియవలెనన్న జర్మనీ పల్లెలను చూడవలెను. అంతదూరము పోనేల యని తల్లిదండ్రులు విసుగుకొనవలదు. ఆ దేశమున పదివేలకు పైగా స్థానిక సంస్థలున్నవి. వానిలో దాదాపు ప్రతిదానికి, వేయిమంది లేని పల్లెకు సైతము, డాలు ఆకారపు చిహ్నమొకటి, తఱచుగా జెండా యొకటి ఉండును. ఊరి కార్యాలయపు గోడమీద, ఊరివారే నడపుకొను అగ్నిమాపక దళపు బండిమీద ఆ గుర్తు కనబడును.

ఈ డాళ్ల మూలము పండ్రెండవ శతాబ్దినాటి యోధులు. శిరస్త్రాణము ముఖమును కప్పివేయగా, యుద్ధములో మనవాడెవడో పగవాడెవడో తెలియుటకు డాలుమీద బొమ్మ వ్రాసికొనిరి. పిదప పట్టణములు తమ ముద్రలలో అట్టి బొమ్మలను చేర్చుకొనినవి. పల్లెలకు వచ్చినవి మాత్రము చాలవఱకు ఇరువదవ శతాబ్దిలోనే. కాబట్టి అదంతయు పురాతన రాచఱికమని, మన పల్లెకు అది ఎక్కడిదని జంకవలదు. బవేరియాలో ఒక పల్లెకు గుర్తు కావలెనన్న ప్రభుత్వ ప్రాచీనపత్ర భాండాగారము వారి అభిప్రాయమును తీసికొందురు. ఇది ఊరి చరిత్రకు సరిపడునా, పొరుగూరి దానితో కలసిపోవునా యని వారు పరిశీలింతురు. బొమ్మలు గొప్పవేమియు కావు. ఏరు పాఱుచున్నచో అలల పట్టీ. తిరగలి మర ఉన్నచో దాని చక్రము. ద్రాక్షతోటలున్నచో గుత్తి. గనులున్నచో అడ్డముగా పెట్టిన రెండు సుత్తులు. కొన్నిచోట్ల పేరే బొమ్మ యగును. నెక్కరు నదీతీరమున హిర్ష్‌హార్న్ అను చిన్న పట్టణమున్నది. ఆ పేరునకు లేడికొమ్మని అర్థము, డాలుమీద లేడికొమ్మే యున్నది. ష్వైన్‌ఫుర్ట్ అను ఊరి పేరు వినగానే ఆ భాషవారికి పందిరేవు స్ఫురించును. ఆ ఊరివారు మాత్రము డాలుమీద గ్రద్దను నిలుపుకొనిరి. మన రాజరాజనరేంద్రునకు అట్టి మొగమాటము లేకపోయెను.

రంగులకును ఒక కట్టుబాటున్నది. బంగారము, వెండి అనగా పసుపు, తెలుపు ఒక జాతి. ఎఱుపు, నీలము, నలుపు, ఆకుపచ్చ ఇంకొక జాతి. ఒక జాతి రంగుపై అదే జాతి రంగు బొమ్మను వ్రాయరాదు. దూరమునుండి కనబడవలెను గదా. ఈ పరీక్షకు నిలిపినచో మన పసుపు ఎఱుపు జెండా మంచి మార్కులతో ఉత్తీర్ణమగును.

అన్నిటికంటె మా మనస్సు నాకర్షించినది వేఱొక నియమము. అచ్చట చిహ్నమునకు మూలము బొమ్మ కాదు, మాట. "ఇట్టి రంగు డాలుపై, ఇట్టి రంగులో, ఇట్టి వస్తువు" అని వర్ణన వ్రాసియుంచెదరు. ఆ వర్ణనకు లోబడి ఏ చిత్రకారుడు తన చేతివాటమున ఎట్లు వ్రాసినను అది ఆ ఊరి గుర్తే. కుడి ఎడమలు మాత్రము చూచువాని వైపునుండి కాక డాలు పట్టినవాని వైపునుండి చెప్పవలెను. పిల్లలు ఇచ్చట పొరపడుదురు, జాగ్రత్త. చిహ్నము మాటలలో నుండునదైనప్పుడు, ఆ మాటలను రెండు భాషలలో వ్రాసికొన్న తప్పేమి? ఒకే బొమ్మకు కన్నడమున ఒక వర్ణన, తెలుగున ఒక వర్ణన. రెండును మూలములే. ఒకటి రెండవదానికి అనువాదము కానక్కఱలేదు.

ఊరి గుర్తుకు ఆపద రాదని మేమనుటలేదు. కోబుర్గ్ అను పట్టణపు కథ దీనికి సాక్ష్యము. ఆ పట్టణమువారి పాలకపురుషుడు మారిస్ అను క్రైస్తవ సాధువు. ఈజిప్టులోని థీబ్సు ప్రాంతమువాడని ఐతిహ్యము. ఆయన నల్లని శిరస్సు తరతరములుగా ఆ పట్టణపు చిహ్నము. నాజీలు అధికారమునకు వచ్చిన పిదప, నల్లవాని ముఖము జర్మను పట్టణమునకు తగదని 1934లో దానిని తొలగించి, పిడిలో స్వస్తికమున్న కత్తిని పెట్టిరి. 1945లో ఆ పాలన కూలినది. ఆ సాధువు తిరిగి డాలుమీదికి వచ్చెను. ఎక్కడినుండియో వచ్చిన వాడు ఊరివాడై, వెడలగొట్టబడి, మరల ఊరివాడయ్యెను. తల్లిదండ్రులు ఈ కథను పిల్లలకు ఇంట ఒకసారి చెప్పవలెనని మా మనవి.

ఇంకొక విషయము మనకు మఱింత దగ్గఱిది. 1960, 70 ప్రాంతముల పశ్చిమ జర్మనీలో చిన్న పల్లెలను కలిపివేసి పెద్ద సంస్థలను చేసిరి. సుమారు 24,000 సంస్థలు ఎనిమిదిన్నర వేలకు దిగినవి. కలిసిపోయిన పల్లెల చిహ్నములకు అధికారము పోయినది. అయినను పల్లెవారు తమ సంఘముల జెండాలమీద, పండుగ తోరణములమీద వానిని నిలుపుకొనిరి. ఊరు పోయినను గుర్తు మిగిలినది. బెంగుళూరు నేడు మన గడపవఱకు వచ్చినది. సర్జాపుర మనునది నగరములో చాలమందికి ఒక రోడ్డు పేరు. ఆ రోడ్డున అంతస్తుల భవనములలో కాపురముండువారు, ఆ పేరుగల ఊరొకటి ముందుకు పోయినచో కనబడునని ఎఱిగినట్లు తోచదు. గుర్తు లేని ఊరు నగరములో కలిసినప్పుడు దేనిని మిగుల్చుకొనును?

కావున మా సూచన ఇది. బడి బ్యాడ్జిమీద ఏ ప్రభుత్వపు చిహ్నమును వలదు. సర్జాపురమునకు ఒక గుర్తు కల్పించి, దానినే బడియు ధరింపవలెను. ఊరిలోని కన్నడ మాధ్యమపు పిల్లలును ఇష్టపడినచో అదే ధరింపవచ్చును. ఇష్టపడెదరనియే మా ఆశ. గుర్తులో ఏముండవలెను? ఈ ఊరు నేతకు పేరొందినది. మగ్గము మొత్తము చిన్న డాలులో ఇమడదు. నాడె ఇముడును. పడవవంటి ఆకారము, రెండువైపుల మొన, నడుమ నూలు కండె. మన నాడెను కన్నడిగులు లాళి యందురు. నూలును మాత్రము వారును నూలే యందురు. దేవాంగులలో కన్నడము మాటలాడు కుటుంబములును తెలుగు మాటలాడు కుటుంబములును కలవు. వారి చేతులలో నాడె ఒక్క తీరుననే పరుగెత్తినది. తరువాత రాగి కంకి. ముడిచిన వ్రేళ్లవలె వంగియుండు ఆ కంకిని వ్రాయుట బాలురకు కూడ సులభము. ముద్దె యన్నను సంగటి యన్నను దాని పిండియే. క్రింద చెరువు. దానికి రెండు మూడు అలల గీతలు చాలును.

"పసుపు డాలుపై నడుమ అడ్డముగా ఎఱ్ఱని నాడె, పైని ఆకుపచ్చని రాగి కంకి, అడుగున నీలపు అలలు." ఇది మా తొలి వర్ణన. దీనిని కన్నడమున చక్కగా చెప్పగల విద్యార్థులు మన బడిలోనే పదిమంది యున్నారు. మావాటికంటె మంచివి వచ్చినచో మావి వెనుకకు తీసికొందుము. చింతచెట్టు ఏమాయెనని ఇప్పటికే యొక ఉపాధ్యాయులు మాతో తగవు పెట్టుకొనిరి. వారి తగవు న్యాయమైనదే గాని, చెట్టును చిన్న బ్యాడ్జిలో కుట్టుట ఎట్లో దర్జీ నడిగి చెప్పవలెను.

విద్యార్థులారా! ఉగాదిలోపల మీ చిత్రములను పత్రిక కార్యాలయమునకు చేర్చుడు. ఇద్దఱిద్దఱుగా చేయుడు. మీ జతవారు మీ వీధిలోని కన్నడ మాధ్యమపు విద్యార్థియైనచో మఱియు మంచిది. బొమ్మ ఒక్కటి, వర్ణనలు రెండు. నాలుగు రంగులకు మించరాదు. సింహములను వ్రాయవలదు. జాతీయ పతాకమును డాలులో ఇఱికింపవలదు. అది ఎప్పుడును వేఱుగ, అన్నిటికంటె ఎత్తున ఉండవలసినది.

నవంబరులో మమ్ము ప్రశ్నించిన బాలిక ఇదివఱకే తన చిత్రమును తెచ్చి ఇచ్చినది. డాలు చక్కగా కుదిరినది. రంగుల కట్టుబాటు తప్పలేదు. నీలపు అలలున్నవి. కాని వాటిపై నాడె లేదు, కంకి లేదు. చెరువుగట్టుమీద చెయ్యెత్తి నిలిచిన జెసిబి యంత్రమున్నది. ఇదేమమ్మా యని అడిగితిమి. "రోజూ కనబడేది అదే కదా సార్" అనినది. ఆ చిత్రమును పోటీనుండి తీసివేయవలెనని మాలో ఒకరు, మొదటి పుటలో అచ్చువేయవలెనని మఱియొకరు పట్టుబట్టుచున్నారు. ఇంకను తేలలేదు.